మేనమామను సగిన్ కోరిన కోరిక

సగిన్ ఏ వస్తువునైనా రెండుసార్లు చూడనిదే కొనడు. బూట్లు కొనాలంటే రెండూ తొడుక్కుని అంగడి ముందు ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తాడు. పుచ్చకాయను తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ తడతాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు. నవ్వరూ మరి? పన్నెండేళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, ఇదే సగిన్ అత్-బాషీ సంతలో నల్లగా నిగనిగలాడే గుర్రాన్ని చూసి ముచ్చటపడి కొనుక్కొచ్చాడు. అమ్మినవాడు బేరం జరిగినంతసేపూ గుర్రానికి ఎడమ పక్కనే నిలబడి కబుర్లు చెప్పాడు. ఇంటికొచ్చి కట్టేస్తుంటే భార్య జిపర్ ఆ పక్కకి వెళ్ళి చూసింది.

"ఏమయ్యా, దీనికి ఈ వైపు కన్ను లేదు కదా!" అంది.

ఆ మాట ఊరు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ గుర్రాన్ని ఇంకొకడికి అంటగట్టడానికి మనసొప్పక సగిన్ దాన్ని ఉంచేసుకున్నాడు. అది ఇంకా అతని పాకలోనే గడ్డి మేస్తోంది.

చలికాలం బడిలో బాయిలర్‌కి బొగ్గు వెయ్యడం, ఎండాకాలం గొర్రెల్ని కొండ మీదికి తోలుకెళ్ళడం, ఇదీ సగిన్ బతుకు. యాభై గొర్రెలుండేవి. పోయిన చలికాలం తోడేళ్ళు దొడ్లో పడి పదకొండింటిని చీల్చేశాయి. సగిన్ చేతిలో గడ్డపార తప్ప ఏమీ లేదు. ఆ పొద్దున పీకలు తెగిన గొర్రెల మధ్య చాలాసేపు అలాగే నిలబడిపోయాడు. మళ్ళీ అలాంటి దెబ్బ తగిలితే మంద ఉండదు, మంద లేకపోతే బొగ్గు జీతంతో ముగ్గురు పిల్లలు బతకరు.

అందుకని మంచు పడేలోగా తుపాకీ కొనాలనుకున్నాడు. జిపర్ తన పెయ్యదూడను అమ్మి ఇరవై రెండు వేల సోమ్‌లు చేతిలో పెట్టింది. ఆఫీసుల చుట్టూ నాలుగు నెలలు తిరిగితే ఒక్క తుపాకీకి అనుమతి కాగితం వచ్చింది. నారిన్‌లో కనిమ్బూబు అనే ఆవిడ, అటవీ కాపలాదారుగా పనిచేసి పోయిన తన భర్త తుపాకీని అమ్ముతోందని తెలిసి, ఆదివారం వస్తానని కబురు పంపాడు.

ఈలోగా పక్క ఊరి నుంచి మేనమామ ఓమురాక్ కబురొచ్చింది. "నేను బతికుండగా నా మేనల్లుడు పరాయివాళ్ళ తుపాకీ కొనుక్కోవడమేంటి? వచ్చి నాది అడగమనండి. డబ్బు ఊసెత్తితే కాళ్ళు విరగ్గొడతా."

ఆ కొండల్లో మేనల్లుడు నోరు తెరిచి అడిగితే మేనమామ కాదనడానికి వీల్లేదు. గుర్రమడిగినా అంతే, వేటడేగనడిగినా అంతే. అందుకే మేనల్లుడు గుమ్మంలో కనబడగానే అత్తలు మంచి దుప్పట్లు పెట్టెలో దాచేస్తారు. ఒకటే షరతు. మేనల్లుడు తన నోటితో తనే అడగాలి.

జిపర్ ముఖం వెలిగిపోయింది. "పెయ్యదూడ డబ్బు మిగిలినట్టే! అలాంటి తుపాకీ ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదంట కదా."

"చూశాక చెబుతా" అన్నాడు సగిన్.

శనివారం వెళ్ళాడు. అత్త పాల టీ పోసి, వేయించిన మాంసం పళ్ళెం ముందు పెట్టి, నేల మీద పరిచిన మంచి కంబళిని ఎందుకైనా మంచిదని చుట్టి పక్క గదిలో పెట్టి వచ్చింది. ఓమురాక్‌కి డెబ్బై రెండేళ్ళు. మంచం కింది ఇనప్పెట్టె తెరిచి, ఉన్నిగుడ్డ విప్పి తుపాకీని మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. జంట గొట్టాలు. పక్కల మీద వెండి రంగు రేకులో చెక్కిన కొండమేకలు. చెక్క తేనె రంగులో మెరుస్తోంది.

సగిన్ దాన్ని అందుకుని, కీలు దగ్గర మడిచి తెరిచి, తూటాలేమీ లేవని చూసుకుని, గొట్టాలు ఊడదీసి కిటికీ వెలుతురుకెత్తాడు. కుడి గొట్టం లోపల వెలుగు వలయాలు ఒకదానిలో ఒకటి గుండ్రంగా ఉన్నాయి. ఎడమ దానిలో, చివరికి జానెడు ఇవతల, ఒక వలయం ఉబ్బి ఉంది. వేలితో బయట తడిమాడు. వేలికీ తగిలింది. ఎప్పుడో మంచో మట్టో అడ్డుపడ్డప్పుడు కాల్చి ఉంటారు. గొట్టం అక్కడ వాచింది. ఈసారి కాలిస్తే ఏమీ కాకపోవచ్చు. పగిలినా పగలొచ్చు. గొట్టాల కింద ఉండేది కాల్చేవాడి ఎడమ చెయ్యి.

"ఏంట్రా అల్లుడూ, అంతసేపు చూస్తావు? పెళ్ళిచూపులా?" అన్నాడు ఓమురాక్. "ఒంటికన్ను గుర్రాన్ని కూడా ఇలాగే చూసుంటే బాగుండేది."

సగిన్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నీ తుపాకీ పనికిరాదని అత్త ముందు ఆ ముసలాయనతో ఎలా అంటాడు? నలభై ఏళ్ళుగా లోయంతా చెప్పుకున్న తుపాకీ అది. పోనీ తీసుకుని మూల పెట్టి వేరేది కొనుక్కుందామా అంటే, కాగితం ఒక్కదానికే. తీసుకుంటే ఇదే కాల్చాలి. తీసుకోకపోతే మేనమామ ఇల్లు అతనికి మూసుకుపోతుంది.

"అడుగు మరి" అన్నాడు ఓమురాక్. గొంతు కాస్త బొంగురుగా వచ్చింది. "నీ నోటి నుంచి వచ్చాక కాదనే హక్కు నాకు లేదు."

సగిన్ గొట్టాల్ని మళ్ళీ బిగించి, తుపాకీని మామ మోకాళ్ళ మీద పెట్టాడు. ఏం మాట్లాడబోతున్నాడో తనకే తెలియదు.

"అడుగుతున్నా మామా. నువ్వు కాదనకూడదు. రేపు నాతో నారిన్ రా. నేను కొనబోయేది బాగుందో లేదో నువ్వు చూసి చెప్పు. నాకు నీ తుపాకీ వద్దు, నీ నేర్పు కావాలి."

అత్త చేతిలోని గరిటె గిన్నెలో పడింది. ఓమురాక్ ముఖం జేవురించింది. తుపాకీని మళ్ళీ ఉన్నిగుడ్డలో చుట్టాడు. తర్వాత పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"మేనల్లుడడిగాక రాక చస్తానా?" అన్నాడు.

మర్నాడు కనిమ్బూబు తెచ్చిపెట్టిన తుపాకీని చూసి సగిన్‌కి నీరసం వచ్చింది. అదీ జంట గొట్టాలదే. కానీ చెక్కంతా గీతలు, రేకులు టీ కాచే పాత సమోవార్ అడుగులా నల్లబడి ఉన్నాయి. తుపాకీ మడమ మీద ఎవరో కత్తితో మేకబొమ్మ చెక్కారు, అది కుక్కలా వచ్చింది.

"మా ఆయనే చెక్కాడు. నవ్వితే నవ్వండి, నేనూ నవ్వేదాన్ని" అందావిడ.

ఓమురాక్ నవ్వలేదు. తుపాకీ ఖాళీ అని వేలు పెట్టి చూసుకున్నాడు. గొట్టాల కింది చెక్క తీసేసి, తుపాకీని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. వదులుగా కదిలే చప్పుడు లేదు. గొట్టాల్ని ఊడదీసి, వాటి కింది కొక్కేన్ని వేలికి తగిలించి గోటితో కొట్టాడు. గంటలా మోగి, చాలాసేపు మోగుతూనే ఉంది. తర్వాత గొట్టాల పొడుగునా వేళ్ళతో అంగుళం అంగుళం తడిమాడు. చివరికి వాటిని సగిన్‌కిచ్చి, "వెలుతురుకి పెట్టి నువ్వు చూసి చెప్పు. వలయాలెలా ఉన్నాయి?" అన్నాడు.

"నువ్వు చూడవా మామా?"

"చూడమంటే చూడరా!"

అప్పుడు గానీ సగిన్‌కి అర్థం కాలేదు. ముసలాయన కళ్ళకి పొర కమ్మింది. సగిన్ చూశాడు. రెండుసార్లు చూశాడు. "గుండ్రంగా ఉన్నాయి మామా. ఒక్కటీ చెదరలేదు."

"మళ్ళీ బిగించి, కళ్ళు మూసుకుని భుజానికెత్తు. ఇప్పుడు తెరువు. ఏం కనబడుతోంది?"

"గొట్టాల చివరనున్న గురిపూస. తిన్నగా."

"నీ భుజానికి సరిపోయింది. తీసుకో."

కనిమ్బూబు ఇరవై నాలుగు వేలంది. ముసలాయన తుపాకీని చెవి దగ్గర పెట్టుకోవడం చూసినప్పటి నుంచీ ఆవిడ కళ్ళు తడిగానే ఉన్నాయి. మా ఆయనా ఇలాగే వినేవాడంటూ ఇరవై రెండుకే ఒప్పుకుంది. రెండు రోజుల తర్వాత ఆఫీసులో కాగితాలు సగిన్ పేరుకి మారాయి. దానికీ ఓమురాక్ వెంట వచ్చాడు.

ఆ రోజు తిరుగు దారిలో వ్యాను వెనక సీట్లో కూర్చుని ఓమురాక్ ఉన్నట్టుండి అన్నాడు, "నా దాని ఎడమ గొట్టం వాచింది."

సగిన్ ఒళ్ళోని తుపాకీని సర్దుకున్నాడు.

"నీకు తెలుసు. నువ్వు తడిమినప్పుడు నీ వేలు అక్కడ ఆగింది, చూపు లేకపోయినా అంత మాత్రం పోల్చుకున్నా. నాకు మూడేళ్ళుగా తెలుసు."

"మరి ఎందుకు కబురు పెట్టావు మామా?"

"పెట్టకపోతే? మేనల్లుడు ఊళ్ళు తిరిగి తుపాకీ కొనుక్కుంటుంటే మామ తనది పెట్టెలో దాచుకున్నాడంటారు. పనికిరాదని చెబితే, ఇవ్వడం ఇష్టం లేక వంక పెట్టాడంటారు. నువ్వు అడగకుండా పోతే బాగుండునని రెండు రాత్రులు కంటి మీద కునుకు లేదురా. అడిగితే ఇచ్చేసేవాణ్ణి. ఇచ్చి, నీకేమవుతుందోనని రోజూ చచ్చేవాణ్ణి." కోటు చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. "సిగ్గుమాలినవాణ్ణి."

సగిన్‌కి కోపం రావాలి. రాలేదు. గుండెల మీంచి బండ దింపినట్టుంది. మామ భుజం పట్టుకుని ఊరొచ్చేదాకా వదల్లేదు.

ఊరి బయట లోయ దగ్గర వ్యాను దిగారు. ఓమురాక్ కాల్చి చూడమన్నాడు. సగిన్ ఎడమ గొట్టంలో ఒక తూటా పెట్టి, ఎదురుగా ఉన్న మట్టిగట్టు వైపు ఎత్తాడు. ఎడమ చెయ్యి గొట్టాల కింద పెట్టాడు, కుడి చేతి వేలు మీట మీదికి పోలేదు. వలయాలు చూశాడు, మోత విన్నాడు, అయినా నల్లగుర్రం గుర్తొచ్చింది.

ఓమురాక్ నడిచొచ్చి అతని ఎడమ పక్కన, గొట్టాలకి మూరెడు దూరంలో నిలబడ్డాడు. గొట్టం పగిలితే ముక్కలు ముందు తగిలేది ఆయనకే.

"మామా, వెనక్కి..." అని మొదలెట్టాడు సగిన్.

"నోరు మూసుకో" అన్నాడు ఓమురాక్. "నువ్వడిగితే నేను జరగాల్సి వస్తుంది. అడక్కు."

సగిన్ అడగలేదు. ఈసారి వేలు మీట మీదికి పోయింది. కాల్చాడు. ఎదుటి గట్టు మీద మట్టి లేచింది, లోయంతా మోగింది. తుపాకీ మడిచి గొట్టాన్ని వెలుతురుకెత్తి చూశాడు. వలయాలు గుండ్రంగానే ఉన్నాయి.

"రెండోసారి కూడా చూడు, నీ అలవాటు కదా" అన్నాడు ఓమురాక్, పొర కమ్మిన కళ్ళు తుడుచుకుంటూ.