గడువు కోసం ఆగిన పత్తి

భైంసా దగ్గరి ఆ పల్లెలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల అనసూర్య. కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో ఏడు చదువుతోంది. అందులో అంతర్జాతీయ అర్థశాస్త్రమంటే ఆమెకు ప్రాణం. ఆ పేరు పలకడానికి తల్లి సమ్మవ్వకు నోరు తిరగదు. తండ్రి ఎల్లేశానికి మాత్రం ఒక్కటి అర్థమైంది. పత్తి ధర ఎక్కడ పుడుతుందో తన బిడ్డకు తెలుసు. ఆ ముక్క ఊరంతా చెప్పుకొని తిరిగాడు.

దీపావళికి ఇంటికొచ్చిన అనసూర్య, ఏరిన పత్తిని ట్రాలీకెత్తబోతున్న తండ్రిని ఆపింది.

"ఇప్పుడే అమ్మకు బాపూ. బయటి దేశాల పత్తి మీద సుంకం కొన్ని నెలలకని తీసేసిండ్రు. ఏడాది మారంగనే గా గడువు అయిపోతది. సుంకం మళ్ల పడ్డదంటే బయటి పత్తి రాదు, మన పత్తికి రేటొస్తది."

ముప్ఫై ఏళ్లుగా ఏరింది ఏరినట్టే అమ్ముకున్న మనిషి ఎల్లేశం. తల గోక్కున్నాడు.

"నిజమేనా బిడ్డా?"

"మా క్లాసుల గీ పాఠం నేనే చెప్పిన బాపూ."

ఇంకేం కావాలి? ట్రాలీ ఖాళీగా వెనక్కి పోయింది.

ఉన్నది ఒక్కటే గది. అది పత్తికి పోయింది. మొగుడూ పెళ్లాలు మంచాలు వసారాలో వేసుకుని, ఎముకలు కొరికే చలిలో వణుకుతూ పడుకున్నారు. పత్తి పురుగులు కుట్టి, గోకీ గోకీ సమ్మవ్వ చేతులు పుండ్లయ్యాయి. అయినా అమ్మేద్దామని ఒక్కనాడూ అనలేదు. బిడ్డ చెప్పింది కదా!

గడువు అయిపోయింది. సుంకం పడింది. అనసూర్య చెప్పింది అక్షరాలా జరిగింది, ధర మాత్రం దిగింది. మిల్లులవాళ్లేమైనా అమాయకులా? గడువు ఉండగానే బయటి పత్తి తెప్పించి గోదాములు నింపుకున్నారు. పాఠంలో సుంకం ఉంది, గిరాకీ సరఫరాల గీతలున్నాయి, ఆ గోదాములు లేవు. క్లాసులో ఫస్టొచ్చే పిల్లకు ఆ సంగతి తట్టనే లేదు. ఇంకో నెల చూశారు. పత్తి ఎండి తూకం తగ్గింది, పసుపుపచ్చగా మారింది. సర్కారు కొనుగోలు కేంద్రంలో రంగు చూసి వద్దన్నారు.

శివరాత్రి ముందు ఎల్లేశం పత్తిని భైంసా మార్కెట్‌కు తీసుకెళ్లాడు. హాస్టల్ నుంచి వచ్చిన అనసూర్య కూడా వెంట వెళ్లింది. అందరిముందూ తండ్రి తనను తిట్టిపోస్తే బాగుండునని ఉంది ఆమెకు. పత్తి కొనే సేటు పిడికెడు తీసి చూసి, మొహం చిట్లించి, దీపావళి నాటి ధరకు ఎంతో కింద పలికాడు.

"ఏం ఎల్లేశం, గిన్ని దినాలెందుకు ఆపినవ్? ఎవ్వలన్న చెప్పిండ్రా?"

ఎల్లేశం నేల చూపులు చూశాడు.

"ఎవ్వలు చెప్పలే సేటూ. ఇంటామెకు పానం మంచిగ లేకుండె."

సేటు తలూపి చీటీ రాశాడు. తన చదువును తండ్రి దాచిపెట్టాల్సి వచ్చిందని తెలిసి అనసూర్య సిగ్గుతో కుంచించుకుపోయింది. తిరుగు బస్సులో ఇక ఆపుకోలేకపోయింది.

"నన్ను జర తిట్టు బాపూ" అంది ఏడుస్తూ.

"నిన్నెందుకు తిట్టాలె? పరీక్షలొస్తున్నయి గద, మంచిగ సదువుకో" అన్నాడు ఎల్లేశం.

ఆ చదువు ఇక పరీక్షలకే తప్ప దేనికీ కాదని, తండ్రి ఇంత మెత్తగా చెప్పగలడని ఆమె ఎన్నడూ అనుకోలేదు.