పారమ్మ కొంగు చాటు నోరు

భిలాయి సెక్టర్ 4లో ఇంటి ముందు కుళాయి దగ్గర పారమ్మ కోడలితో పడ్డ తగవును పక్కింటి నూకమ్మ కళ్లారా చూసింది. "నా చాయ్‌లో దొంగతనంగా పంచదార కలిపేత్తన్నావు. లేపోతే ఇన్ని మాత్రలు మింగినా సుగరు దిగదేటే?" అని పారమ్మ గొంతెత్తింది. ఆ ఊళ్లోనే పుట్టి తెలుగు సగమే వచ్చిన కోడలు రజని "నహీ అత్తమ్మా, ఒట్టు" అంటూ ఏడ్చి లోపలికి పోయింది. అక్కడి ఆడవాళ్లంతా అత్తగారి మాటకే తలూపారు. పారమ్మతో తగవు పడాలంటే ముందు చెవుల్లో దూది పెట్టుకోవాలి. అయితే అంత నోటికీ ఎప్పుడూ కొంగు అడ్డమే. పొద్దున్నే పెరటి గోడ వారన కూర్చుని, ఈ ఊరొచ్చాక అలవాటైన గుడాఖు అనే పొగాకు ముద్దను చూపుడువేలితో చిగుళ్లకు రుద్దుకుంటుంది. నెత్తురొస్తే, నొప్పి తెలియకుండా ఇంకాస్త రుద్దుతుంది. వాసనొస్తుందని మనవణ్ణి ముద్దు కూడా పెట్టుకోదు.

మొన్న పన్ను ఊడి చేతిలోకొస్తే నూకమ్మే ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ నోరు తెరిపించి చూసి, చిగుళ్ల కింద ఏళ్లనాటి చీముందనీ, షుగరు దిగకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చనీ, గుడాఖు మానెయ్యమనీ చెప్పింది. పారమ్మ కొంగు మళ్లీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆటోలో ఇల్లు దగ్గరపడ్డాక నూకమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఒలే నూకమ్మా, కోడలు పంచదార కలపలేదని రేపు కుళాయి కాడ నువ్వు సెప్పాల. ఆవేల అందరూ ఇన్నారు గదా, ఇదీ అందరూ ఇనేలాగ సెప్పు. కోడలూ అక్కడుండగా సెప్పు. నాను తలుపెనకాల నిలబడతాను."