నడవని టెస్టులు

భాగ్యరేఖ దుర్గ్ దగ్గరి మరోదాలో పుట్టి పెరిగింది. తండ్రి అక్కడి ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపేవాడు. ఆమె చాలా ఏళ్లు ఒక ప్రైవేటు బడిలో కంప్యూటరు పాఠాలు చెప్పింది. ఆ బడి మూతపడ్డాక దుర్గ్‌లో ఒక చిన్న కంపెనీలో టెస్టరుగా చేరింది. రోగులకు మాత్రల వేళ గుర్తుచేసే మొబైల్ యాప్ వాళ్లది.

యాప్‌లోని ఒక్కో చిన్న పనినీ విడిగా సరిచూసే ప్రోగ్రాములు యూనిట్ టెస్టులు. వాటిని వరసగా నడిపించేది టెస్ట్ రన్నర్. ఆ వేసవిలో టీమ్ లీడర్ రమాకాంత్ రన్నర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చాడు. టీ తాగి వచ్చేదాకా నడిచే టెస్టులు అప్పట్నుంచి కుర్చీలోంచి లేచేలోపే అయిపోతున్నాయి.

"ఇంత తొందరగా అయిపోతన్నాయేటి?" అని అడిగింది భాగ్యరేఖ.

"కొత్త రన్నర్ కదా దీదీ, ఫాస్ట్. గ్రీన్ వచ్చింది, అంటే అన్నీ పాసే. ఔర్ క్యా చాహియే, ఇంకేం కావాలి?" అన్నాడు రమాకాంత్.

ఆ మాట ఆమెకూ సబబుగానే తోచింది. రోజూ సాయంత్రం 'అన్నీ పాస్' అని రాసి పంపుతూ వచ్చింది.

ఒకరోజు పాత టెస్టు దిద్దుతూ పొరపాటున తప్పు జవాబు రాసింది. అయినా అది పాసయింది. భాగ్యరేఖకు అనుమానం వచ్చింది. మరో పాత టెస్టులో రెండూ రెండూ ఐదని రాసి నడిపింది. గ్రీన్! అప్పుడు రిపోర్టు తెరిచి చూసింది. ఈమధ్య రాసిన నాలుగైదు టెస్టుల పేర్లే ఉన్నాయి. పాతవాటి జాడే లేదు.

కారణం దొరకడానికి మధ్యాహ్నమంతా పట్టింది. పాత పద్ధతిలో రాసిన టెస్టుల్ని కొత్త రన్నర్ గుర్తించదు. గుర్తించలేదని చెప్పదు కూడా. వాటిని చదివే భాగాన్ని విడిగా చేర్చాలి. యాప్ తయారీ సూచనలుండే బిల్డ్ ఫైల్లో ఆ ఒక్క లైను చేర్చగానే పాత టెస్టులన్నీ నడిచాయి. వాటిలో చాలా టెస్టులు ఫెయిలై ఎర్రగా వచ్చాయి.

ఎక్కువ భాగం చిన్న విషయాలే. ఒకటి మాత్రం కాదు. రోజు విడిచి రోజు వేసుకోవలసిన మాత్రలకు ఎవరో బేసి తేదీల లెక్క పెట్టారు. దాంతో ముప్పై ఒకటినా, మర్నాడు ఒకటినా కూడా ఫోన్ మోగుతుంది. ఆ మార్పు అప్పటికే జనం ఫోన్లలోకి వెళ్లిపోయింది.

రమాకాంత్ చూసి గొంతు తగ్గించాడు. "మనమే చుప్‌చాప్ సర్దేద్దాం దీదీ. సార్‌కి చెప్పొద్దు."

"సర్దుతాం సరే. రెండ్రోజులూ మాత్ర మింగినోళ్ల సంగతేటి? రా, ఇద్దరం వెళ్దాం. రోజూ పాస్ అని రాసింది నేనే కదా."

యజమాని రాజగోపాల్ అంతా విన్నాడు. "తప్పు జరిగిందని మెసేజ్ పెడితే రేపు మన యాప్ ఎవడు ఉంచుకుంటాడమ్మా?"

"కొందరు తీసేస్తారు సార్. అయినా చెప్పాలి. చెప్పకపోతే యాప్ కొత్త వెర్షన్‌కి నేను ఓకే ఇవ్వను."

ఆయనకు కోపం వచ్చింది. కానీ సాయంత్రానికి ఒప్పుకున్నాడు. మెసేజ్ వెళ్లింది. ఆ మాత్రలు వాడేవాళ్లకు భాగ్యరేఖ, రమాకాంత్ ఫోన్లు చేశారు. ఒకావిడ రెండ్రోజులూ వేసుకుందట, కళ్లు తిరిగాయట. డాక్టరు చూసి భయం లేదన్నాక ఆవిడ యాప్ తీసేసింది. నందిని అనే ఊళ్లో ఉండే వాసుదేవరావు అనే రిటైరైన గని ఉద్యోగి మాత్రం ఫోన్లో నవ్వాడు. "ఫోను మోగితే మోగినాదమ్మా. నిన్న ఏసుకున్నాను గదా, మళ్లీ ఏటని నానే ఊరుకున్నాను."

కొన్నాళ్లు రమాకాంత్ ఆమెతో పని మాటలు తప్ప వేరేవి మాట్లాడలేదు. టెస్టుల సంఖ్య తగ్గితే రన్నర్ ఆగిపోయేలా ఏర్పాటు మాత్రం తనే చేశాడు. ఆ తర్వాత ఒక ఉదయం లాప్‌టాప్ పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"దీదీ, కొత్త టెస్టులు రాశాను. కావాలని చెడగొట్టి, ఎర్రగా వస్తాయో లేదో చూస్తారా?"

ఆమె పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది.