ముగ్గురు ఆడపిల్లల రాయి మీద మగ అక్షరం

గున్వోర్ కోపిష్ఠి అని స్వీడన్‌లోని మా రేవులో అందరికీ తెలుసు. సమాధి రాళ్ల మీద అక్షరాలు చెక్కడం ఆమె పని. ఆమె షెడ్డులో నేను పదకొండేళ్లు గ్రానైటును నునుపు చేశాను. ఆ కోపం నా మీదా చాలాసార్లు విరుచుకుపడింది, సాయంత్రం కాఫీ వేళకల్లా చల్లారింది. తొంభై ఒకటో సంవత్సరం వసంతంలో వచ్చిన కోపం మాత్రం అలాంటిది కాదు.

మా ఊళ్లో ఒకప్పుడు హెరింగ్ చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ ఉండేది. ముప్ఫై ఒకటిలో అది తగలబడింది. చేపలు సర్దే పై గదిలో పద్నాలుగు మంది పోయారు, అందరూ ఆడవాళ్లే. పొద్దు గూకక ముందే ఎవరూ ఇంటిదారి పట్టకుండా ఆ గదికి బయటనుంచి తాళం వేసేవారు. పదకొండు మందిని ఇంటివాళ్లు గుర్తుపట్టారు. మిగతా ముగ్గురు ఆ వారమే ఎక్కడినుంచో పనికి వచ్చిన పిల్లలు. వాళ్ల పేర్లు రాసుకున్న పుస్తకం మంటల్లోనే పోయింది. వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. ముగ్గుర్నీ ఒకే గోతిలో పెట్టారు.

గున్వోర్ నాయనమ్మ హుల్డా అప్పుడే మేస్త్రీ చేత తలుపు తీయించుకుని ఉప్పు కోసం కిందికి దిగింది కాబట్టి బతికింది. మేస్త్రీ మళ్లీ తాళం వేసి రేవులోకి పోయాడు. లోపలివాళ్లు తలుపు బాదిన చప్పుడు గురించి హుల్డా బతికినన్నాళ్లూ మనవరాలికి చెబుతూనే ఉంది.

అరవై ఏళ్ల తర్వాత ఆ గోతి మీద రాయి పెట్టాలని ఊళ్లో ఒక సంఘం పుట్టింది. దాని అధ్యక్షుడు సిక్‌స్టెన్ రోస్వాల్, రిటైరైన స్వీడిష్ మాస్టారు. చెక్కాల్సిన మాట ఆయనే కాగితం మీద రాసి తెచ్చాడు: 'అజ్ఞాత కార్మికుడికి'.

గున్వోర్ చదివింది. ఉలి కింద పెట్టింది. "మాస్టారూ, ఇక్కడ 'ఊషెండె' అని ఎందుకు రాశారు?"

ఊషెండె అంటే ఎవరో తెలియని అని. మన తెలుగులో పెద్ద పడవ, పెద్ద ఇల్లు, పెద్ద పడవలు అంటాం, 'పెద్ద' కదలదు. స్వీడిష్‌లో అలా కుదరదు. పడవ ఒక జాతి మాట, ఇల్లు ఇంకో జాతి మాట. పడవ ముందు 'స్టూర్', ఇంటి ముందు 'స్టూర్ట్'. పడవలు చాలా ఉంటే 'స్టూరా'. ఫలానా ఆ పెద్ద పడవ అని వేలు పెట్టి చూపినా 'స్టూరా'యే. ఒక్కచోట మాత్రం ఆ చివరి 'ఆ' పోయి 'ఎ' రావచ్చు, ఆ ఫలానా మనిషి మగవాడైతే. అంటే ఊషెండా అని రాస్తే ఆడదైనా కావచ్చు. ఊషెండె అని రాస్తే మగవాడే.

"రాళ్ల మీద అలాగే రాస్తారమ్మా," అన్నాడు రోస్వాల్. "అజ్ఞాత సైనికుడి రాళ్లు చూళ్లేదా? 'ఎ'లో గాంభీర్యం ఉంది."

"సైనికుడు మగాడు. ఈ గోతిలో ఉన్నది ఆడపిల్లలు."

"స్వీడిష్‌లో కార్మికుడు అనేది ఆడామగా అందరికీ కలిపి చెప్పే మాట. గోతిలో ఎవరున్నారన్నది వ్యాకరణం కాదు."

గున్వోర్ మొహం కందగడ్డలా అయింది. "తొమ్మిదేళ్లప్పుడు నేను పెద్ద ఇల్లు అని రాస్తూ 'స్టూర్ట్' చివరి 'ట్' మర్చిపోయాను. మా ఊరి యాసలో అది వినపడి చావదు కదా. మీరు నన్ను క్లాసు ముందు నిలబెట్టి వందసార్లు రాయించారు. విశేషణం నౌకరు, యజమాని ఎవరో చూసి వంగాలి అన్నారు. గుర్తుందా?"

"ఉండొచ్చు."

"ఇక్కడ యజమాని ఎవరు మాస్టారూ? ఏ మగాణ్ణి చూసి వంగిందిది?"

రోస్వాల్ టోపీ పెట్టుకున్నాడు. "వ్యాకరణం నీ వృత్తి కాదు గున్వోర్. కాగితంలో ఉన్నది చెక్కు."

ఆయన వెళ్లాక ఆమె పగిలిపోయిన రాతిముక్క ఒకటి తీసి గోడకేసి కొట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. "విన్నావా? చచ్చేటప్పుడు తాళమేసి చంపారు. ఇప్పుడు వాళ్లు ఆడవాళ్లే కాదంటున్నారు."

"కాగితంలో ఉన్నట్టు చెక్కకపోతే ఊరుకుంటారా అక్కా?"

"ఊరుకోవద్దనే."

మూడు వారాలు ఆ రాయి దగ్గరికి నన్ను రానివ్వలేదు. నునుపు కూడా తనే చేసింది.

ఆవిష్కరణ రోజు గాలి విపరీతంగా ఉంది. శ్మశానంలో వంద మందిదాకా చేరారు. రోస్వాల్ గుడ్డ లాగి, చూపు అక్కడే ఆపేశాడు. రాయి మీద చివరి అక్షరం 'ఆ'. ఆయన గొంతు సవరించుకుని 'ఊషెండె' అని చదివాడు.

వెనకనుంచి గున్వోర్ అంది, "చెక్కింది చదవండి మాస్టారూ."

జనం తలలు తిప్పారు. ఆయన జేబులోంచి ఉపన్యాసం కాగితం తీశాడు. ఆమె జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, "పిల్లలకి నేర్పిన మీరు, ఒక్క అక్షరం చదవలేకపోతున్నారా?" అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గాలిలో సగం కొట్టుకుపోయేంత మెల్లగా 'ఊషెండా' అని, మిగతా ఉపన్యాసం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పది రోజుల్లో సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. సొంత ఖర్చుతో తప్పు దిద్దాలని దాని సారాంశం. గ్రానైటులో 'ఆ'ని 'ఎ' చేయడానికి గీత మార్చితే చాలదు, రాయి ముఖమంతా వేలు మందాన అరగదీయాలి. గున్వోర్ ఆ ఉత్తరం వెనకే జవాబు రాసి పంపింది: "ఉలి షెడ్డులో ఉంది. మీలో ఎవరికి చేతనైతే వాళ్లు రండి."

ఎవరూ రాలేదు. రాయి అలాగే ఉండిపోయింది. కానీ ఆ ఏడాది నుంచి చర్చివాళ్ల రాళ్లూ, ఊరి పనులూ పక్క ఊరికి పోయాయి. మాకు వంటగది గట్లూ, మెట్ల రాళ్లూ మిగిలాయి. మూడేళ్లకు షెడ్డు మూతపడింది. గున్వోర్ ఆసుపత్రి వంటశాలలో గిన్నెలు కడిగే పనికి చేరింది.

ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. దాల్చినచెక్క రొట్టె తింటూ, ఓదార్పుగా ఉంటుందని, "ఏమైనా నువ్వే గెలిచావక్కా," అన్నాను.

ఆమె కప్పు ఠక్కున బల్ల మీద పెట్టింది. కాఫీ ఒలికింది.

"ఏం గెలిచాను? ఒక అక్షరం. ఆ పిల్లల పేర్లేంటో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. తాళం వెయ్యమన్న ఫ్యాక్టరీ ఓనరు పేరు మాత్రం రేవు వీధికి పెట్టారు, నువ్వు దాని మీంచే నడిచొచ్చావు. గెలిచానంట."

లేచి గుడ్డ తెచ్చి బల్ల తుడవడం మొదలుపెట్టింది. మరక పోయాక కూడా తుడుస్తూనే ఉంది.