కేకు మీద రెండో మచ్చ

నవ్వుకోండి, పర్లేదు. మా ఊళ్ళో నవ్వడం అయిపోయింది, ఇక మన స్టాఫ్ రూమ్ ఒక్కటే బాకీ. మొన్న శనివారం మా చర్చిలో, అసలు పండక్కి ముందే చేసుకునే సెమీ క్రిస్మస్ జరిగింది. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను వెలగబెట్టిన నిర్వాకం వింటే, నన్ను ఫిజిక్స్ లెక్చరర్ అనాలా ఇంకేమన్నా అనాలా అని మీకే అనుమానం వస్తుంది. టీ పోయించుకోండి, చెబుతా.

మాది కొడవలూరు పక్కన చిన్న ఊరని మీకు తెలుసు. ఆ ఊళ్ళో ఆకాశం మొత్తం నా శాఖే. శ్రీహరికోటలో రాకెట్టు వాయిదా పడితే నేనేదో ఆపించినట్టు నన్నడుగుతారు. వరి కోతలప్పుడు మబ్బు పడితే నన్ను తిడతారు. అసలు నేను చేసే పనేంటో చెప్పబోతే మాత్రం ఒక్కడూ నిలబడడు. మీరూ అంతే. ఇవాళ మాత్రం వినక తప్పదు, ఎందుకంటే కథంతా దాని మీదే ఉంది.

కొన్ని నక్షత్రాలు పెద్ద పెద్ద అయస్కాంతాల్లాంటివి. ఆ బలానికి వాటి ఒంటి మీద సిలికాన్, క్రోమియం, ఇనుము లాంటివి అక్కడక్కడా పోగుపడి మచ్చలు కడతాయి. మచ్చలు ఉన్నచోటే ఉంటాయి, నక్షత్రం తిరుగుతుంది. నేను పట్టుకున్న నక్షత్రంలో మచ్చ మనవైపు వచ్చినప్పుడు వెలుగు పిసరంత తగ్గుతుంది, అటు పోగానే మళ్ళీ మామూలే. అట్లా ఎన్నాళ్ళకొకసారి తగ్గుతుందో లెక్కగడితే, నక్షత్రం ఒక చుట్టు తిరగడానికి ఎంతకాలం పడుతుందో తెలిసిపోతుంది. దాన్నే పీరియడ్ అంటాం. దానికి నా దగ్గర టెలిస్కోపేమీ లేదు. ఉపగ్రహం కొలిచిన వెలుగు లెక్కలు ఇంటర్నెట్లో ఊరికే దొరుకుతాయి. మా డైనింగ్ టేబులూ, పాత ల్యాప్‌టాపూ చాలు.

బెంగళూరులో నా సీనియర్ ఒకామె ఉంది, ఇప్పుడు పెద్ద ప్రొఫెసర్, నేను మేడమ్ అనే పిలుస్తా. ఆమెకి కొండ మీద పెద్ద టెలిస్కోపులో ఒకే ఒక్క రాత్రి దొరికింది. మచ్చ సరిగ్గా మనకి ఎదురుగా ఉన్నప్పుడు నా నక్షత్రాన్ని చూడాలని ఆమె కోరిక. "ప్రసాద్, నీ లెక్క మీదే నా రాత్రి పెడుతున్నా. శనివారం సాయంత్రానికల్లా పీరియడ్ ఖాయం చెయ్యి. ఆ తర్వాత షెడ్యూలు మార్చడం నా చేతుల్లో ఉండదు" అంది. కాలేజీలో చేరిన దగ్గర్నుంచి పాఠాలు చెప్పడం, పేపర్లు దిద్దడం తప్ప ఇంకేం చేశాను నేను? నా లెక్కని నమ్మి ఒకరు కొండెక్కుతాననడం అదే మొదటిసారి. అది తప్పయితే ఆమె రాత్రీ పోతుంది, నా పరువూ పోతుంది. ఆ వారమంతా నాకు సరిగ్గా నిద్ర లేదు.

శనివారం పొద్దున్నే పీరియడ్ పంపేశాను. రెండు రోజుల చిల్లర. గ్రాఫు అలలు అలలుగా ఎంతో ముద్దుగా వచ్చింది. ఒక్కటే చిన్న నలుసు. వెలుగు ఒకసారి కాస్త ఎక్కువ తగ్గుతుంది, తర్వాతిసారి కాస్త తక్కువ తగ్గుతుంది, మళ్ళీ ఎక్కువ, మళ్ళీ తక్కువ. సంతలో తక్కెడ కూడా ఒక్కోసారి ఒక్కో తూకం చూపిస్తుంది కదా అని సరిపెట్టుకున్నా.

ఇక చర్చి సంగతి. ప్రతి ఏడూ చర్చి ముందు వెదురు బొంగుకి పెద్ద కాగితం స్టారు కట్టి లోపల బల్బు పెడతాం. ఈ ఏడు పాస్టరు గారికి కొత్త కోరిక పుట్టింది. "ప్రసాదూ, నక్షత్రాల సారువి నువ్వుండి గూడా మన స్టారు ఊరికే యాలాడతా ఉంటే ఏం బాగుంటాదయ్యా? ఈసారి తిరగాల" అన్నారు. నేను సరేనన్నా. మెల్లగా తిరిగే మోటారు కావాలి. ఫ్యాను మోటారు పెడితే స్టారు ఊడి మైపాడు సముద్రంలో పడుతుంది. వెతగ్గా వెతగ్గా తెలిసిందేంటంటే, అంత నిదానంగా తిరిగే చిన్న మోటారు మన ఇళ్ళల్లోనే ఉంది. ఓవెన్లో గాజు ప్లేటుని తిప్పుతుందే, అదీ.

ఆ ఓవెన్ మా ఆవిడ సుజాతది. ఇంట్లో కేకులు చేసి అమ్ముతుంది. సెమీ క్రిస్మస్ కేకు కూడా ఆమెదే. మైపాడు నుంచీ నెల్లూరు నుంచీ చుట్టాలు, స్నేహితులు అందరూ వస్తారు, ఆ కేకు బాగుంటే పండగ ఆర్డర్లన్నీ తనకే వస్తాయని ఆమె ఆశ. కేకు శుక్రవారమే చేసేసిందనుకున్నా నేను. ఎందుకనుకున్నానంటే, ఇల్లంతా వెనిలా వాసన వచ్చింది. అది శాంపిల్ అని నాకెవరు చెప్పారు? ఆమె పక్కింటికి పోయినప్పుడు ప్లగ్గు పీకి, ఓవెన్ తిరగేసి, అడుగు రేకు విప్పి మోటారు తీసేశా. ఆదివారం మళ్ళీ పెట్టేద్దామని. శనివారం తెల్లారేసరికి అది చర్చి ముందు బొంగెక్కేసింది.

మేడమ్‌కి మెయిల్ పంపి నేను వంటింట్లోకి వచ్చేసరికి సుజాత కేకు పిండి టిన్నులో పోస్తా ఉంది. మోటారేమో బొంగు మీద ఉంది. చెప్పేయొచ్చు కదా అంటారు మీరు. డిసెంబరు నెలలో మా ఆవిడని మీరు చూడలేదు. ఆమె టిన్ను లోపల పెట్టి స్విచ్చెయ్యగానే ఓవెన్ తలుపుకి అడ్డంగా నిలబడ్డా.

"అడ్డం జరగండి. ప్లేటు తిరగతా ఉందో లేదో చూసుకోవాల" అంది.

"తిరక్కుండా ఏం చేస్తాది? నేను చూసుకుంటాలే, నువ్వు నెల్లూరు పోయి డబ్బాలు తెచ్చుకో."

"ఆ ప్లేటు సంగతి మీకు తెలవదు. స్విచ్చేస్తే ఒకసారి ఇటు తిరగతాది, ఇంకోసారి అటు తిరగతాది. దానిష్టం."

"ఎటు తిరిగితే ఏంది, ఉడకడం గదా కావాల్సింది."

"ఉడకడం గాదు, కాలడం. ఆ మాత్రం తెలియని మనిషికి కేకు అప్పజెప్పి పోవాలంటే భయంగా ఉండాది నాకు" అని, భయపడతానే ఆటో ఎక్కింది.

నా ప్లాను సింపుల్. తలుపు తీసి, గుడ్డతో పట్టుకుని, కొంచెం కొంచెం చేత్తో తిప్పుతా ఉండటమే. మొదట్లో బాగానే తిప్పా. అంతలో ఫోను మోగింది. మేడమ్ నుంచి మెయిల్. "గ్రాఫు బాగుంది. ఒకటి లోతుగా, ఒకటి తక్కువగా పడుతున్నాయేమిటి?" అని. నాకు చిర్రెత్తుకొచ్చింది. వారం కష్టపడి ముద్దులొలికే గ్రాఫు పంపితే, అందులో నలుసే కనబడిందా ఈమెకి? కూర్చుని జవాబు మొదలుపెట్టా. అది కొలతల్లో సహజంగా వచ్చే తేడా మాత్రమేనని, పట్టించుకోనక్కర్లేదని, కారణాలతో సహా. ముక్కుకి వాసన తగిలేదాకా రాశా.

పోయి చూస్తే వెనకవైపు వేడిగాలి తగిలిన చోట కేకు నల్లగా మాడింది. కంగారు పడలేదు. ఫిజిక్స్ వాడిని కదా. మాడిన పక్కని ముందుకీ, మాడని పక్కని వెనక్కీ తిప్పితే సమానమైపోతుందని సరిగ్గా సగం చుట్టు తిప్పా. వెళ్ళి జవాబు పూర్తి చేశా. చివర్లో "కాబట్టి సందేహమే అక్కర్లేదు" అని కూడా చేర్చి సెండ్ నొక్కా. నొక్కాక మళ్ళీ వాసన వచ్చింది. ఈసారి కాస్త తక్కువ, అటుపక్క ఎర్రగా మాడింది.

కేకు బయటికి తీసి, సుజాత క్రీము పూసేందుకు వాడే తిరిగే స్టాండు మీద పెట్టా. ఆమె గుమ్మంలోంచి చూసేటప్పుడు మంచి పక్క ఏది కనపడాలి? అది తేల్చుకోవాలి కదా. స్టాండుని చేత్తో ఒక్క తోపు తోసి, నేనే పోయి గుమ్మంలో నిలబడి చూశా. నలుపు వచ్చింది. పోయింది. ఎరుపు వచ్చింది. పోయింది. నలుపు, పోయింది, ఎరుపు, పోయింది. మంచి పక్క ఎటు పెట్టినా చెడ్డ పక్క ఎక్కడో ఒకచోట తొంగి చూస్తానే ఉంది. ఒకసారి ఎక్కువ, తర్వాతిసారి తక్కువ, మళ్ళీ ఎక్కువ, మళ్ళీ తక్కువ.

ఎక్కడో చూశానే ఇది అనుకున్నా. తర్వాత పొద్దున పంపిన గ్రాఫు గుర్తొచ్చింది.

కేకు ఒక్క చుట్టు తిరిగేలోపు రెండుసార్లు నల్లబడుతోంది. నల్లబడినప్పుడల్లా ఒక చుట్టు అయిపోయిందని లెక్కపెట్టే వెధవ ఎవడన్నా ఉంటే, వాడి లెక్క సరిగ్గా సగం తప్పుతుంది. ఆ వెధవని నేనే. నక్షత్రానికి ఉన్నది ఒక మచ్చ కాదు, రెండు. ఇటొకటి, అటొకటి. ఒకటి బాగా మాడింది, ఇంకోటి కొంచెం మాడింది. చుట్టు తిరగడానికి పట్టేది రెండు రోజుల చిల్లర కాదు, నాలుగు రోజుల పైమాటే. మేడమ్ పెద్ద మచ్చ కోసం కొండెక్కితే చిన్న మచ్చ ఎదురొచ్చి నమస్కారం పెట్టేది. ఆ తేడాని పట్టించుకోవద్దని నేనే కారణాలతో సహా రాసి పంపా.

ఫోను చేస్తే ఆమె దొరకదు. ఘాట్ రోడ్డులో ఉన్నట్టుంది. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వరండాలోకి తిరుగుతా చేస్తానే ఉన్నా. దేవుడా ఈ ఒక్కసారికి టవరు తగిలించు అని నిజంగానే ప్రార్థన చేశా. చివరికి తగిలింది. ఆ ఆనందంలో నేను ఎంత గట్టిగా అరిచానో నాకు తెలీదు.

"మేడమ్, అటుపక్క కూడా మాడింది! రెండు పక్కలా మాడింది మేడమ్!"

"ఏంది మాడింది?" అన్నారు ఇద్దరు ఒకేసారి. ఒకరు ఫోన్లో. ఇంకొకరు గేటు దగ్గర, చేతిలో కేకు డబ్బాలతో.

మేడమ్‌కి రెండు మచ్చల సంగతి చెప్పా. "మరి ఇందాక పట్టించుకోవద్దని అంత పొడుగు మెయిల్ రాశావే?" అంది. అది చదవకండి మేడమ్ అన్నా. "సాయంత్రం లోపల చెప్పావు కాబట్టి బతికిపోయాం. రెండో మచ్చ ఎట్లా పట్టుకున్నావు?" అని అడిగింది. అటుపక్క నిలబడి తిప్పి చూశా మేడమ్ అన్నా. అబద్ధమేం కాదు కదా.

సుజాతకి మాత్రం అబద్ధమే చెప్పా. వోల్టేజీ సరిగ్గా లేదన్నా. పాపం, నమ్మింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. నాకు అప్పుడు నిజంగా సిగ్గేసింది, కానీ మోటారు సంగతి మాత్రం చెప్పలేదు. మళ్ళీ చేసే టైము లేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని కత్తి తీసింది. మాడిన రెండు పక్కలా కోసేస్తే గుండ్రటి కేకు కాస్తా కోలగా, అటూ ఇటూ మొనదేలి మిగిలింది. దాన్ని కాసేపు చూసి, నీలం క్రీము పూసి, పుల్లలతో తెరచాప పెట్టి, పడవ చేసేసింది. మైపాడు వాళ్ళు వస్తారు కదా, వాళ్ళ కోసమే చేశానని చెబుతానంది. మనిషంటే ఆమె.

సాయంత్రం చర్చి ముందు స్టారు తిరుగుతోంది. నిదానంగా, ఎంత అందంగా తిరుగుతోందో. పడవ కేకుని అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. పాస్టరు గారు నన్ను మైకు దగ్గరికి పిలిచి, "మన స్టారుని ప్రసాదు సారే తిప్పినాడు" అని చెప్పారు. నేను నక్షత్రాల గురించి నాలుగు మాటలు మొదలుపెట్టానో లేదో కరెంటు పోయింది. జనరేటరు వేశారు. లైట్లు వచ్చాయి, స్టారు మళ్ళీ కదిలింది. ఈసారి అటునుంచి ఇటు.

జనం చప్పట్లు కొట్టారు. "రెండు పక్కలా తిరగతాదా సార్?" అని ఎవరో మెచ్చుకున్నారు. ముందు వరసలో సుజాత ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. స్టారు వంక చూసింది. నా వంక చూసింది. కేకు వంక చూసింది. లేచి నా దగ్గరికి వచ్చి చెవిలో అడగబోయింది గానీ, మధ్యలో మైకు ఉంది.

"ఏమండీ, ఆ తిరిగేది నా ఓవెన్‌దేనా?"

కొడవలూరు దాకా వినపడి ఉంటుంది. పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నట్టు కళ్ళు మూసుకున్నారు గానీ భుజాలు కదులుతున్నాయి. ఆఖరి పాట అయ్యేలోపే సముద్రపు గాలి తేమకి కాగితం స్టారు బరువెక్కి మోటారు పళ్ళు అరిగిపోయాయి. కొత్తది పండగ దాటాక గానీ రాదట. ఆ రాత్రి ఇంట్లో మోటారు సంగతీ, నక్షత్రం లెక్క తప్పిన సంగతీ అన్నీ ఒప్పుకున్నా.

మేడమ్ రాత్రి మాత్రం దక్కింది. నిన్న మెసేజీ పెట్టింది, పెద్ద మచ్చ నేను చెప్పిన వేళకే వచ్చి ఎదురుగా నిలబడిందట. సుజాతకి ఆర్డర్లు కూడా కుప్పలుగా వచ్చాయి, అందరికీ పడవ కేకే కావాలట. ఆ కేకులన్నిటికీ ఓవెన్ ప్లేటు తిప్పే మోటారు ఇప్పుడు నేనే. ఓవెన్ పక్కన నాకో స్టూలు వేసింది. ఆమె హాల్లోంచి "తిప్పండి" అంటుంది, నేను తిప్పుతా. నిన్న ఉండబట్టలేక ఎంతసేపటికొకసారి తిప్పాలో చెబితే నేనే చూసుకుంటా కదా అన్నా.

"వద్దులే. మీరు లెక్క పెడితే సగమే వస్తాది. నేను చెప్పినప్పుడు తిప్పండి" అంది.