ఎడమ వైపు వెనక చక్రం

తుకారాం లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పెయింటర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. బోగీల పక్కన నంబర్లు, ఊళ్ల పేర్లు రాయడం ఆయన పని. బ్రష్షు పట్టుకుంటే చెయ్యి వణికేది కాదు. పానా పట్టడం మాత్రం ఎప్పుడూ రాలేదు.

రిటైరైన ఏడాది, ఒక ఆఫీసరు వదిలించుకుంటున్న పాత అంబాసిడర్‌ను కొన్నాడు. "గింత పెద్ద బండి మనకెందుకయ్యా, మనమున్నదే ఇద్దరం" అని భార్య బుచ్చమ్మ విసుక్కుంది. ఒక్కగానొక్క కొడుకు అప్పటికే లేడు. డెంగీ జ్వరంతో అంబులెన్సులో తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. ఆ రోజు లోపల కొడుకు తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది బుచ్చమ్మే.

పోయిన ఏడాది ఆమెకు క్యాన్సర్ బయటపడింది. అప్పటికే వెన్నెముకలోకి పాకింది. నయమయ్యే దశ దాటిందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "రోజూ రేడియేషన్ కరెంటు పెడితే నొప్పి తగ్గుతుంది, కాళ్లు పడిపోకుండా ఉంటాయి. మొదలుపెట్టాక మధ్యలో మానకూడదు" అంది. మొదటి రోజు క్యాబులో తీసుకెళ్లాడు. ఇరుకు సీట్లో నడుం వంచలేక, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ బుచ్చమ్మ కేక పెట్టింది. డ్రైవరు భయపడి మారేడ్‌పల్లి దగ్గరే బండి ఆపేశాడు. అంబులెన్సు పేరెత్తితే ఆమె మంచం కోడు గట్టిగా పట్టుకుంది. ఇక మిగిలింది అంబాసిడర్. దాని వెనక సీటు మంచమంత వెడల్పు. రెండు పరుపులు పరిచి, ఆమెను పడుకోబెట్టి, తుకారాం ఎద్దుబండి కంటే నెమ్మదిగా నడిపేవాడు.

రెండు వారాలు అలా గడిచాయి. ఒక శుక్రవారం తిరిగి వస్తుంటే వెనక నుంచి ఏదో మూలుగు మొదలైంది. బుచ్చమ్మే అనుకుని బండి ఆపాడు. మూలుగు ఆగింది. కదిలించగానే మళ్లీ షురూ అయింది. ఇంటికి చేరేసరికి ఇనుము నలిగిన చప్పుడు.

మర్నాడు సందు చివరి మెకానిక్ వచ్చి, బండిని జాకీ మీద లేపి, ఎడమ వైపు వెనక చక్రాన్ని రెండు చేతులతో ఊపాడు. చక్రం వదులుగా అటూ ఇటూ ఊగింది.

"బేరింగ్ మొత్తం పోయింది సాబ్. గిట్లనే నడిపితే రోడ్డు మీద చక్రం ఊడొస్తది."

"మరి మార్చు, నీ పుణ్యముంటది."

"నాకు రాదు. ఈ బండి తెలిసిన మా ఉస్తాద్ పెళ్లికి పోయిండు. గురువారం వస్తడు."

తుకారాం ఇంకో మూడు షెడ్లు తిరిగాడు. ఒకచోట నవ్వారు. ఒకచోట వారం ఆగమన్నారు. చివరికి రాణీగంజ్‌కు వెళ్లి, కొట్టు కొట్టూ అడిగి, బేరింగు, ఆయిల్ సీలు సంపాదించాడు. శని, ఆదివారాలు కరెంటు పెట్టరు కానీ, సోమవారం పొద్దున్నే ఆసుపత్రిలో ఉండాలి. ఆదివారం తనే విప్పుదామనుకున్నాడు. వేరే దారి కనబడలేదు.

పక్క అపార్ట్‌మెంటులో ఉండే సత్యదేవ్ సాయానికి వచ్చాడు. కాకినాడ వైపు మనిషి, కంప్యూటర్ ఉద్యోగం. "నాకూ ఏమీ తెలీదు తుకారాం గారూ. కానీ వీడియో ఉంది, చూసి చేద్దాం" అన్నాడు. వాకిట్లో బండిని లేపి, కింద గ్రానైటు దిమ్మెలు పెట్టారు. తన మంచాన్ని వరండాలోకి లాగమంది బుచ్చమ్మ. లోపల ఒక్కతే పడుకుంటే నొప్పి ఎక్కువగా తెలుస్తుందట.

చక్రం వచ్చింది. డ్రమ్ము వచ్చింది. లోపలి ఇరుసు లాగగానే నల్లటి నూనె కారి చొక్కా తడిసింది. దాని వెనక ఒక పెద్ద నట్టు ఉంది. దాన్ని తీస్తేనే బేరింగు. నట్టు వదులు కాకుండా దాని మీదికి మడిచిన రేకును తుకారాం ఉలితో చదును చేశాడు. అరువు తెచ్చిన పానా తగిలించి, దానికి ఇనుప పైపు తొడిగి, వీడియోలో చూపినట్టే ఎడమకు తిప్పాడు. కదల్లేదు. కిరోసిన్ పోసి ఆగారు. ఇద్దరూ కలిసి వేలాడారు. పైపు వంగింది, నట్టు కదల్లేదు. సుత్తితో కొడితే పానా జారి తుకారాం వేళ్ల మీద పడింది. చర్మం లేచిపోయి రక్తం కారింది.

మధ్యాహ్నం దాటింది. సత్యదేవ్ నెమ్మదిగా అన్నాడు, "రేపొక్క రోజుకి అంబులెన్సు పిలుద్దామండీ. నేను కూడా వస్తాను."

తుకారాం నూనె చేతులతోనే మంచం దగ్గరికి వెళ్లి కూలబడ్డాడు. "బుచ్చమ్మా, ఒక్క రోజే. నీ కాళ్లు మొక్కుతా. నాతోని కాలేదే."

ఆమె గోడ వైపు తిరిగింది. "దాంట్ల ఎక్కిన నా కొడుకు మళ్ల ఇంటికి రాలే. కాళ్లు పోతే పోనీ. నన్ను ఈడనే ఉండనియ్యి."

తుకారాం లేచి వెళ్లి సుత్తి తీసుకుని డిక్కీ మీద కొట్టాడు. తను వేసిన రంగు పెచ్చులూడింది. మళ్లీ కొట్టాడు. సత్యదేవ్ వచ్చి చెయ్యి పట్టుకునేదాకా ఆగలేదు. తర్వాత ఆ చక్రం పక్కనే నేల మీద కూర్చుని, నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు. కొడుకు పోయినప్పుడు కూడా జనం ముందు ఆయన ఏడవలేదు.

కాసేపటికి వరండాలోంచి బుచ్చమ్మ గొంతు వినిపించింది. "ఓ ఏమయ్యా. ఎటు తిప్పుతున్నవ్ దాన్ని?"

"ఎటేంది? అందరు తిప్పే దిక్కే."

"అది ఎడమ దిక్కు చక్రం గదా. మా నాయన సైకిల్ షాపుల ఎడమ పెడల్ ఉల్టా తిప్పి తీస్తుండె. లేకుంటే తొక్కంగ తొక్కంగ ఊడొస్తదని చెప్తుండె. జెర ఉల్టా తిప్పి చూడు."

సత్యదేవ్ ఫోను తీసి చూశాడు. వీడియోలో విప్పింది కుడి వైపు చక్రం. ఇన్ని గంటలూ ఇద్దరూ కలిసి ఆ నట్టును ఇంకా బిగించారు.

తుకారాం కుడివైపుకి తోశాడు. ఏమీ కాలేదు. పైపు మీద ఎక్కి నిలబడ్డాడు. టప్పుమని పెద్ద చప్పుడైంది. ఏదో విరిగిందనుకున్నాడు. విరగలేదు, నట్టు పావు చుట్టు తిరిగింది. సత్యదేవ్ పిల్లాడిలా అరిచాడు.

ఆ తర్వాత కూడా తేలిగ్గా సాగలేదు. పాత బేరింగు గుండ్లు పగిలి ముక్కలై ఉన్నాయి. కొత్తది లోపలికి వంకరగా దిగి ఇరుక్కుంటే మళ్లీ బయటికి కొట్టాల్సి వచ్చింది. చివరికి బేరింగు కూర్చునే హబ్బు మీద మరిగే నీళ్లు పోసి, అది వేడెక్కాక నొక్కితే సర్దుకుని కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు చక్రం బిగించారు. తుకారాం సందు చివరిదాకా నడిపి వచ్చాడు. ఏ చప్పుడూ లేదు. అయినా నమ్మకం కుదరక, దిగి ప్రతి నట్టునూ మళ్లీ తడిమి చూశాడు.

సోమవారం దారంతా ఆయన అద్దంలో భార్యను చూడలేదు, చెవులు వెనక చక్రం దగ్గరే ఉన్నాయి. ఆసుపత్రి గేటు దాటాక బుచ్చమ్మే అడిగింది, "ఏందయ్యా, ఊపిరి తీసుకుంటున్నవా లేదా?"

కరెంటు పెట్టడం పూర్తయింది. నొప్పి సగానికి సగం తగ్గింది. ఆ వేసవిలో పద్మారావు నగర్‌లో చెల్లెలింటికి వెళ్లి, చాన్నాళ్ల తర్వాత మామిడికాయ పప్పుతో కడుపునిండా తిని వచ్చింది. రోగం మాత్రం దాని దారిన అది ముదురుతూ పోయింది. చలికాలం మొదట్లో, సొంత ఇంట్లో, తన మంచం మీదే బుచ్చమ్మ కన్నుమూసింది. ముందు రోజు సాయంత్రం కూడా గోడ పట్టుకుని తనంతట తనే వాకిట్లోకి నడిచింది. తుకారాం ఆమె వెనకాలే, చెయ్యి చాచి, తాకకుండా నడిచాడు.