తుంగ పొడిచిన నల్లపట్టా

పోయిన మంగళవారం బస్సులో ఉండగా ఫోను వచ్చింది. మా ఆఫీసు తోట చూసుకున్న పెద్దమ్మ ఆ పొద్దున్నే కన్నుమూసిందని. నల్గొండలో దిగాల్సిన దాన్ని, స్టాపు దాటాక గాని తేరుకోలేదు.

కాగితాల మీద నేను ఆమెకు సూపర్‌వైజర్ని. మడి దగ్గర కూర్చుంటే ఆమే నాకు గురువు. పీకిన ప్రతి కలుపు మొక్కనూ వెలుతురులో పట్టి వేరు చూసేది. "తెగిందా, మొత్తం వచ్చిందా సూడాలె బిడ్డా. తెగితే మనమే నాటినట్టు," అనేది.

ఆఫీసుకు కొత్త భవనం కట్టిన ఏడు, దాని ముందున్న పూలమడుల్లో కలుపు రాకుండా నల్ల ప్లాస్టిక్ పట్టా పరిపించాను. పల్చటిది, నున్నగా కనపడుతుందని ఎంచుకున్నాను. పెద్దమ్మ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది.

"గీ నేలల తుంగ ఉన్నది. దానికి గిది ఆగదు."

నేను వినలేదు. రెండు వారాలు తిరక్కుండానే తుంగ గడ్డి సూదుల్లా పట్టాను పొడుచుకుని పైకి లేచింది. ప్రారంభోత్సవం ఎల్లుండే. పై అధికారి ఫోను చేశాడు. "సాయంత్రం వస్తున్న. గడ్డిపోచ కనపడొద్దు. మందు కొట్టియ్యి."

మందు పంపు భుజానికి ఎత్తుకోబోతుంటే పెద్దమ్మ లాక్కుని పక్కన పెట్టింది.

"గాలికి పూలమొక్కల మీద గూడ పడతది. ఆకు మాడుతది గని తుంగ గడ్డలన్ని చావయి. పట్టా లేపుదాం పా."

"సారు వచ్చేసరికి మడి తవ్వేసి ఉంటే నా కొలువు పోతది పెద్దమ్మా!"

"ఫికర్ జెయ్యకు. జర గీ కొస పట్టు."

పట్టా లేపాం. ఒక్కొక్క గడ్డ తవ్వి తీస్తున్నాం. సగం కూడా కాకముందే అధికారి కారు వచ్చి ఆగింది.

"ఎవరు పీకిన్రు ఇది?"

నేను చేతిలో గడ్డను వదిలేసి లేచి నిలబడ్డాను.

"నేనే సారూ. మేడమును అడగలె."

"రేపటి సంది పనికి రాకు."

"రేపటి సంది కద సారూ. గీ పొద్దు పని ఉన్నది," అని ఆమె మళ్లీ మట్టిలో కూర్చుంది.

చీకటి పడేలోగా మిగిలిన గడ్డలు తీసి, స్టోరులో పడి ఉన్న మందపాటి నేత పట్టా ముక్కలను జానెడు జానెడు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా పరిచి, మేకులు దిగ్గొట్టి, పైన పల్లీ పొట్టు పోశాం. ప్రారంభం నాడు మడులు శుభ్రంగా ఉన్నాయి. అందరూ నన్ను మెచ్చుకున్నారు. పెద్దమ్మ అక్కడ లేదు.

నిజం చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అధికారి నన్ను గట్టిగా తిట్టి, ఆమెను తిరిగి రమ్మన్నాడు. ఆమె ముందు తలదించుకుని నిలబడ్డాను.

"ఆలస్యంగ జెప్పినవ్ బిడ్డా. గని చెప్పినవ్," అంది. ఆ మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

మంగళవారం వాళ్లింటికి చేరేసరికి స్నానం చేయించి పడుకోబెట్టారు. కోడలు ఆమె చెయ్యి తన ఒడిలో పెట్టుకుని, తడిగుడ్డతో గోళ్లు తుడుస్తోంది. "రెండుసార్లు కడిగిన మేడం, పోతలేదు," అంది. ఆ గోళ్ల అంచుల్లో సన్నగా, ఎర్రగా మట్టి.